బైనరీతో పాటే సోర్సు: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పంచేవారు కోడ్ బాధ్యత తీర్చుకునే పద్ధతి

సోర్సు కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) కావాలని ఎవరో మెయిల్ పెట్టిన రోజున వెతుకులాట మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టే. రెండేళ్ల కిందటి ఫర్మ్‌వేర్‌ను (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌ను) ఏ కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) నుంచి బిల్డ్ చేశారో గుర్తుండదు. బిల్డ్ సర్వర్‌ను ఎప్పుడో తుడిచేసి ఉంటారు, ప్యాచ్‌లు రాసినవారు ఉద్యోగం మారి ఉంటారు. అందుకే ఈ పని మొత్తానికీ ఒకటే సూత్రం: బైనరీ (సోర్సు నుంచి తయారై కంప్యూటర్ నడిపే ఫైల్) పుట్టిన గంటలోనే దాని సోర్సు ప్యాకెట్ కూడా పుట్టాలి. మిగిలిన మెట్లన్నీ దాన్ని సాధించడానికే.

1. ముందు తేల్చుకోవాల్సింది: మీరు పంచుతున్నారా?

జీపీఎల్ (గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్) కుటుంబపు లైసెన్సుల్లో సోర్సు ఇచ్చే బాధ్యత, కోడ్ వాడినందుకు రాదు, మార్చినందుకూ రాదు. కాపీ మరొకరి చేతికి వెళ్లినప్పుడే వస్తుంది. సంస్థ లోపల ఎన్ని మార్పులు చేసుకుని ఎన్ని సర్వర్ల మీద నడుపుకున్నా జీపీఎల్ ఏమీ అడగదు.

చిక్కల్లా, పంచుతున్నామని తెలియకుండానే పంచడంతో వస్తుంది. రౌటర్ అమ్మడం పంపిణీ అని అందరికీ తెలుసు. ఆ రౌటర్‌కు నెట్ ద్వారా పంపే ప్రతి అప్‌డేటూ వేరే పంపిణీ అన్నది చాలామందికి తట్టదు. పబ్లిక్ రిజిస్ట్రీలోకి కంటైనర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూట) పుష్ చేయడం, కస్టమర్‌కు వర్చువల్ మెషీన్ ఫైల్ ఇవ్వడం, ట్రయల్ కోసమని ఇన్‌స్టాలర్ పంపడం, బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్ట్ దింపడం ఇవన్నీ పంపిణీలే. డబ్బు తీసుకున్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు.

జీపీఎల్ కుటుంబంలోనిదే అయిన ఏజీపీఎల్ 3 ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను మీరు మార్చి సర్వర్ మీద నడిపితే, నెట్‌వర్క్ ద్వారా దాన్ని వాడుకునే ప్రతివారికీ మీ మార్పులతో సహా సోర్సు ఉచితంగా దొరకాలి. దాని 13వ సెక్షన్ చెప్పేది ఇదే. మార్చకుండా నడిపితే ఆ సెక్షన్ వర్తించదు.

2. లోపల ఏముందో లెక్క తీయండి

బైనరీలో ఉన్న ప్రతి భాగానికీ నాలుగు విషయాలు రాసుకోవాలి: పేరు, కచ్చితమైన వెర్షన్, లైసెన్సు, మీరు మార్చారా లేదా. లైసెన్సును ఎస్‌పీడీఎక్స్ (లైసెన్సులకు పొట్టి పేర్లు ఇచ్చే ప్రమాణం) గుర్తులతో రాస్తే అయోమయం ఉండదు. ‘జీపీఎల్ 2 మాత్రమే’, ‘జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతిది’ అనే రెండింటికీ అందులో వేర్వేరు గుర్తులున్నాయి, ఆ తేడా తర్వాత పనికొస్తుంది. ఎస్‌పీడీఎక్స్ 2021 నుంచి ఐఎస్ఓ ప్రమాణం కూడా. స్కాన్‌కోడ్, ఫాసాలజీ లాంటి టూళ్లు ఫైల్ తలకట్లను చదివి లైసెన్సులు పట్టిస్తాయి. వాటి ఫలితాన్ని చివరిమాటగా తీసుకోకండి, ఓ మనిషి చూడాల్సిందే.

స్థూలంగా నాలుగు గుంపులు తేలతాయి.

ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0: సోర్సు ఇవ్వనక్కర్లేదు. కాపీరైట్ వాక్యాలు, లైసెన్సు పాఠం మాత్రం బైనరీతో వెళ్లాలి. అపాచీ భాగంతో ‘నోటీస్’ అనే ఫైల్ వస్తే అందులోని మాటలూ వెళ్లాలి.

ఎంపీఎల్ 2.0 (మొజిల్లా పబ్లిక్ లైసెన్స్): ఆ లైసెన్సు కింద ఉన్న ఫైళ్ల సోర్సు, వాటిలో మీరు చేసిన మార్పులతో సహా ఇవ్వాలి. పక్కనున్న మీ సొంత ఫైళ్లు అడగదు. సోర్సు ఎక్కడ దొరుకుతుందో బైనరీ తీసుకున్నవారికి తెలియజేయాలి.

ఎల్‌జీపీఎల్ (ముఖ్యంగా లైబ్రరీల కోసం రాసిన జీపీఎల్ రూపం): లైబ్రరీ సోర్సుతో పాటు, దాన్ని మార్చి మళ్లీ మీ ప్రోగ్రామ్‌తో కలుపుకునే వీలు కూడా ఇవ్వాలి.

జీపీఎల్ 2, జీపీఎల్ 3: మొత్తం ప్రోగ్రామ్ సోర్సు. లినక్స్ కెర్నల్, బిజీబాక్స్ (చిన్న పరికరాల కోసం మామూలు కమాండ్లను ఒకే ప్రోగ్రామ్‌లో పెట్టినది) రెండూ జీపీఎల్ 2 మాత్రమే. బాష్, గ్రబ్, గ్నూ కోర్‌యుటిల్స్ జీపీఎల్ 3 లేదా ఆ తర్వాతిది.

ఒక హెచ్చరిక. ఒకే ప్రోగ్రామ్‌కు లైసెన్సు బిల్డ్ ఆప్షన్లను బట్టి మారవచ్చు. వీడియో, ఆడియో ఫైళ్లను మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆ తర్వాతిది. కాన్ఫిగర్ చేసేటప్పుడు జీపీఎల్ భాగాలను ఆన్ చేస్తే మొత్తం జీపీఎల్ అవుతుంది. ‘నాన్‌ఫ్రీ’ ఆప్షన్ పెడితే ఆ బైనరీని అసలు పంచకూడదు. కాబట్టి ప్రాజెక్ట్ వెబ్ పేజీలో రాసిన లైసెన్సును కాకుండా, మీ బిల్డ్ లాగ్‌లో కనిపించే ఆప్షన్లను చూసి రాసుకోండి.

3. ‘పూర్తి సోర్సు’ అంటే ఎంత?

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సోర్సు ఇచ్చామంటారు, ఇచ్చినదాన్ని ఎవరూ బిల్డ్ చేయలేరు. జీపీఎల్ 2 మూడో సెక్షన్ లెక్కన ఇవ్వాల్సింది ఇది: ప్రోగ్రామ్‌లోని అన్ని మాడ్యూళ్ల సోర్సు, వాటి ఇంటర్‌ఫేస్ నిర్వచన ఫైళ్లు, కంపైల్ చేయడాన్నీ ఇన్‌స్టాల్ చేయడాన్నీ నడిపించే స్క్రిప్టులు. ఇవన్నీ మార్పులు చేయడానికి ఎవరైనా ఇష్టపడే రూపంలో ఉండాలి. కుదించిన జావాస్క్రిప్ట్ ఫైల్ చదవడానికి అక్షరాలే అయినా సోర్సు కాదు. బైసన్ అనే టూల్ పుట్టించిన సీ భాష ఫైల్ ఒక్కటే ఇచ్చి, దానికి మూలమైన గ్రామర్ ఫైల్ ఇవ్వకపోయినా అంతే. వ్యాఖ్యలు తీసేసి, వేరియబుల్ పేర్లు చెరిపి ఇవ్వడం కూడా కుదరదు.

పైన అనుకున్నది ‘అసలు ప్రాజెక్ట్ సైట్‌లో ఉన్న కోడ్’ కాదని గమనించండి. మీరు పంచిన ఈ బైనరీకి సరిపడే కోడ్ కావాలి. కెర్నల్ సైట్ లింక్ ఇచ్చి ఊరుకుంటే, మీ ప్యాచ్‌లు, మీ కాన్ఫిగ్ అందులో ఉండవు.

తరచూ జారిపోయేవి ఇవి:

- కెర్నల్, బిజీబాక్స్, యూ-బూట్ (పరికరాన్ని స్టార్ట్ చేసే బూట్‌లోడర్) వీటి కాన్ఫిగ్ ఫైళ్లు. ఇవి లేకపోతే మిగిలినదంతా ఉన్నా అదే బైనరీ రాదు.
- డివైస్ ట్రీ (కెర్నల్‌కు హార్డ్‌వేర్ వివరాలు చెప్పేది) సోర్సు ఫైళ్లు.
- బిల్డ్ నడుస్తుండగా వేసే ప్యాచ్‌లు, స్క్రిప్టులో ‘సెడ్’తో చేసే చిన్న మార్పులు.
- గిట్ సబ్‌మాడ్యూళ్లు (ఒక రిపాజిటరీలో ఇమిడిన వేరే రిపాజిటరీలు). గిట్ ఆర్కైవ్ కమాండ్ వాటిని తీసుకోదు, గిట్‌హబ్ దానంతట అది తయారుచేసే టార్‌బాల్ (ఒకే ఫైల్‌గా కట్టిన మూట)లోనూ అవి ఉండవు. ఆ ఫోల్డర్ ఖాళీగా వస్తుంది, ఎర్రర్ కూడా చూపదు.
- బిల్డ్ సమయంలో నెట్ నుంచి దిగే ఫైళ్లు. రస్ట్‌కు కార్గో వెండర్, గో భాషకు మాడ్ వెండర్ కమాండ్లతో వీటిని ముందే లోపలికి తెచ్చుకోవచ్చు.
- కంపెనీ లోపలి గిట్ సర్వర్ చిరునామాలు. స్క్రిప్ట్ అక్కడికి వెళ్లి ఆగిపోతే బయటివారికి అది పనికిరాని స్క్రిప్టే.
- రూట్ ఫైల్‌సిస్టమ్‌ను ఇమేజ్‌గా కట్టి, ఫ్లాష్‌లో రాసే చివరి స్క్రిప్టులు. కంపైల్ వరకూ ఇచ్చి ఇన్‌స్టాల్ దగ్గర ఆపేయడం బాగా కనిపించే లోపం.

సోర్సును బైనరీగా మార్చే కంపైలర్ సంగతేమిటి? జీపీఎల్ 3 ప్రకారం, మార్చకుండా వాడిన సాధారణ టూళ్లు, అందరికీ దొరికే ఉచిత ప్రోగ్రాములు ఇవ్వక్కర్లేదు. ‘మార్చకుండా’ అన్న మాటే కీలకం. చిప్ తయారీదారు సొంతంగా ప్యాచ్ చేసిన జీసీసీ కంపైలర్ లేకుండా బిల్డ్ కాకపోతే, దాన్ని ఈ వెసులుబాటు కింద వదిలేయలేరు. కస్టమర్లకు ఇచ్చే ఎస్‌డీకేలో (ప్రోగ్రాములు రాయడానికి ఇచ్చే టూళ్ల కట్టలో) టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు టూళ్లు) బైనరీ పెడితే, అదే ఒక జీపీఎల్ పంపిణీ అయి దాని సోర్సు బాధ్యతా వస్తుంది.

ఇవ్వనక్కర్లేనివి కూడా చెప్పుకోవాలి: గిట్ చరిత్ర, లోపలి బగ్ చర్చలు, విడిగా నడిచే మీ సొంత ప్రోగ్రాముల కోడ్, పాస్‌వర్డులు. అయితే జీపీఎల్ 2 ప్రకారం, మీరు మార్చిన ఫైళ్లలో మార్చినట్టూ ఎప్పుడు మార్చారో కూడా రాసి ఉండాలి. గిట్ చరిత్ర ఇవ్వనివారు ఈ పనిని ఫైల్ తలకట్టులోనే చేయాలి.

4. ప్యాకెట్ కట్టే పని బిల్డ్‌కే అప్పగించండి

చేత్తో కట్టే ప్యాకెట్‌లో ఏదో ఒకటి మిగిలిపోతుంది. బిల్డ్ విఫలమైతే రిలీజ్ ఎలా ఆగుతుందో, ప్యాకెట్ తయారుకాకపోయినా అలాగే ఆగాలి.

పరికరాల కోసం లినక్స్ ఇమేజ్ కట్టే బిల్డ్‌రూట్ టూల్ వాడేవారికి ‘మేక్ లీగల్-ఇన్ఫో’ అనే కమాండ్ ఉంది. అది లైసెన్సు పాఠాలు, సోర్సు టార్‌బాల్‌లు, వేసిన ప్యాచ్‌లు, ఒక పట్టిక ఫైల్ కలిపి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. చివర్లో హెచ్చరికలు వస్తాయి: లైసెన్సు నిర్వచించని ప్యాకేజీలు, సోర్సు సేవ్ కానివి. వాటిని ఒక్కొక్కటిగా తేల్చే వరకూ పని అయినట్టు కాదు. ఇంకోటి, బిల్డ్‌రూటే మీ బిల్డ్ స్క్రిప్ట్. అందుకే దాని కాపీ, మీ డెఫ్‌కాన్ఫిగ్ (బిల్డ్ ఎంపికల ఫైల్) కూడా ప్యాకెట్‌లోకి వెళ్లాలి.

అలాంటిదే మరో టూల్ యాక్టో అయితే ‘ఆర్కైవర్’ క్లాస్‌ను కాన్ఫిగ్‌లో కలుపుకోండి. ‘ఒరిజినల్’ పద్ధతి ఎంచుకుంటే అసలు టార్‌బాల్‌లు, ప్యాచ్‌లు విడివిడిగా వస్తాయి, చదివేవారికి అదే సులువు. కాపీలెఫ్ట్ (సోర్సు ఇవ్వాలని అడిగే లైసెన్సుల) వడపోత పెడితే అది మామూలుగా జీపీఎల్, ఎల్‌జీపీఎల్, ఏజీపీఎల్ పేర్లను మాత్రమే పట్టుకుంటుంది. ఎంపీఎల్ భాగాలు జల్లెడలోంచి జారిపోతాయి, జాబితాలో మీరే చేర్చాలి. ఇక్కడ రెసిపీలు (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైళ్లు) ఉన్న లేయర్లే బిల్డ్ స్క్రిప్టులు, అవీ వెళ్లాలి.

కంటైనర్ ఇమేజ్‌ల దగ్గర రెండు భ్రమలున్నాయి. మొదటిది: ‘బేస్ ఇమేజ్ వాళ్లది, సోర్సు వాళ్లు చూసుకుంటారు’. కాపీని పంచుతున్నది మీరు. రెండోది: ‘ఆ ప్యాకేజీని తర్వాతి లైన్లో తీసేశాం కదా’. ఇమేజ్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన లేయర్లు, తీసేసినది పై లేయర్‌లో కనిపించదు గానీ కింది లేయర్‌లో బైనరీ అలాగే ఉండి ఇమేజ్‌తో పాటు వెళుతుంది. తీసేయాలంటే అదే లేయర్‌లో తీసేయాలి, లేదా బహుళ దశల బిల్డ్ వాడాలి.

డెబియన్ (ఒక లినక్స్ డిస్ట్రో) ఆధారిత ఇమేజ్‌లో ఇంకో మెలిక ఉంది. బైనరీ ప్యాకేజీ పేరు, వెర్షన్ వేరు, అది పుట్టిన సోర్సు ప్యాకేజీ పేరు, వెర్షన్ వేరు కావచ్చు. డీపీకేజీ క్వెరీలో సోర్సు ప్యాకేజీ, సోర్సు వెర్షన్ అనే ఫీల్డులనే అడగండి. తర్వాత సోర్సు రిపాజిటరీ లైన్లను ఆన్ చేసి, కచ్చితమైన వెర్షన్‌తో డౌన్‌లోడ్ చేయండి. ఇదంతా ఇమేజ్ బిల్డ్ అయిన రోజే జరగాలి, ఎందుకంటే కొత్త వెర్షన్ రాగానే పాతది మామూలు రిపాజిటరీల నుంచి పోతుంది. అప్పటికే పోయిందా? డెబియన్ వారి స్నాప్‌షాట్ సర్వీసులో తేదీని బట్టి పాత ప్యాకేజీలు దొరుకుతాయి.

5. ఖాళీ మెషీన్ మీద కట్టి చూడండి

ఈ ప్రాజెక్ట్‌తో సంబంధం లేని ఒకరికి ప్యాకెట్ మాత్రమే ఇవ్వండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్, ప్యాకెట్‌లోని ‘రీడ్‌మీ’, అంతే. మామూలు డిస్ట్రో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ కేబుల్ తీసేసి బిల్డ్ నడపమనండి. ఎక్కడ ఆగితే అక్కడ ప్యాకెట్‌లో లోపమున్నట్టే. మొదటిసారే ఆగకుండా నడిస్తే కాస్త అనుమానించాల్సిందే, బహుశా ఆ మెషీన్ నిజంగా ఖాళీది కాదు.

వచ్చిన బైనరీని అమ్ముతున్న పరికరంలోని దానితో పోల్చండి. కెర్నల్ వెర్షన్ వాక్యం ఒకటేనా? నడుస్తున్న కెర్నల్‌లో కాన్ఫిగ్‌ను పొందుపరిచి ఉంటే ప్రాక్ ఫైల్‌సిస్టమ్ (కెర్నల్ తన వివరాలు చూపే చోటు)లోంచి తీసి, ప్యాకెట్‌లోని కాన్ఫిగ్‌తో డిఫ్ చేయండి. బిజీబాక్స్ చూపే కమాండ్ల జాబితా రెండు చోట్లా కలుస్తోందా? బైట్ బైట్‌కూ సరిపోవాలని జీపీఎల్ అడగదు. బిల్డ్ సమయం, ఫోల్డర్ దారి బైనరీలోకి దూరడం వల్లే హ్యాష్‌లు (ఫైల్‌కు వేలిముద్రల్లాంటి సంఖ్యలు) సాధారణంగా తేడా పడతాయి. సోర్స్-డేట్-ఎపాక్ వేరియబుల్‌తో సమయాన్ని బిగించి, మిగిలిన తేడాలను డిఫోస్కోప్‌తో చూస్తే అవి నిరపాయమైనవో, ఓ ప్యాచ్ తప్పిపోయిందో తెలిసిపోతుంది.

6. ఏ దారిలో ఇవ్వాలి

బైనరీ డౌన్‌లోడ్ అయితే దారి తేలిక. బైనరీ లింక్ పక్కనే సోర్సు లింక్ పెట్టండి. సోర్సు వేరే సర్వర్‌లో, చివరికి వేరేవాళ్ల సర్వర్‌లో ఉన్నా ఫర్వాలేదని జీపీఎల్ 3 స్పష్టంగా చెబుతుంది. బైనరీ పక్కన దారి చూపాలి, అది దొరికేలా చూసే బాధ్యత మాత్రం మీదే. వాళ్లు ఫైల్ తీసేస్తే తప్పు మీ నెత్తినే పడుతుంది కాబట్టి సొంత కాపీ పెట్టుకోవడమే మేలు.

పరికరంతో ఇచ్చేటప్పుడు రెండు దారులు. సోర్సును పరికరంతో పాటే ఇచ్చేస్తే బాధ్యత అక్కడితో తీరుతుంది, ఆ సోర్సు అందుకున్నవారికే తప్ప లోకానికంతటికీ ఇవ్వనక్కర్లేదు. రెండో దారి రాతపూర్వక హామీ. కాగితం ముక్కే కదా అని అందరూ దీన్నే ఎంచుకుంటారు, నిజానికి ఖరీదైనది ఇదే. కనీసం 3 ఏళ్లు నిలబడాలి. జీపీఎల్ 2 కింద ఆ హామీ మీ కొనుగోలుదారుకే కాదు, అడిగిన ఎవరికైనా చెల్లుతుంది. జీపీఎల్ 3 కింద బైనరీ చేతిలో ఉన్న ఎవరికైనా చెల్లుతుంది, పైగా ఆ మోడల్‌కు విడిభాగాలో సపోర్టో ఇస్తున్నంత కాలం 3 ఏళ్లు దాటినా కొనసాగుతుంది. ప్రతి కాపీతోనూ కొత్త హామీ వెళుతుంది గనుక 3 ఏళ్ల లెక్క చివరి పీస్ అమ్మిన రోజు నుంచి వేసుకోండి.

హామీ పాఠం ఇలా ఉండవచ్చు:

‘ఈ పరికరంలో జీపీఎల్, ఎల్‌జీపీఎల్ లైసెన్సుల కింద ఉన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ఫర్మ్‌వేర్ వెర్షన్ ఫలానాకు సరిపడే పూర్తి సోర్సు కోడ్‌ను, ఈ మోడల్ చివరి అమ్మకం నుంచి 3 ఏళ్ల వరకూ, ఆ తర్వాత సపోర్టు కొనసాగినంత కాలమూ, అడిగిన ఎవరికైనా ఇస్తాం. ఫలానా వెబ్ చిరునామాలో ఉచితంగా దించుకోవచ్చు. ఫలానా తపాలా చిరునామాకు రాస్తే పెన్‌డ్రైవ్‌లో పంపుతాం. మీడియా, తపాలా ఖర్చు మాత్రమే తీసుకుంటాం.’

పెన్‌డ్రైవ్ మాట అలంకారానికి కాదు. పరికరంతో ఇచ్చిన హామీని నెట్ సర్వర్ ద్వారా తీర్చవచ్చని 2007 నాటి జీపీఎల్ 3 రాసింది గానీ, 1991 నాటి జీపీఎల్ 2లో ఆ మాట లేదు. అది మీడియా మీద కాపీ ఇవ్వడం గురించే మాట్లాడుతుంది. రెండూ రాస్తే రెండు లైసెన్సులకూ సరిపోతుంది.

అడిగినవారి నుంచి రహస్య ఒప్పందం, బిల్లు కాపీ, ఎందుకు కావాలో వివరణ కోరకండి. లాగిన్ వెనక దాచకండి.

చిప్ కంపెనీ ఇచ్చిన ఎస్‌డీకేతో పరికరం చేసి సొంత పేరుతో అమ్మేవారికి ఒక మాట. పైవాళ్లు మీకిచ్చిన హామీని కస్టమర్‌కు అందించి తప్పుకోవడం జీపీఎల్ 2లో లాభాపేక్ష లేని పంపిణీకే, జీపీఎల్ 3లో అప్పుడప్పుడు జరిగే లాభాపేక్ష లేని పంపిణీకే. వ్యాపారం చేసేవారికి ఆ దారి మూసే ఉంది. అందుకే కొనుగోలు ఒప్పందంలోనే రాసుకోండి: ఖాళీ మెషీన్ మీద సోర్సు బిల్డ్ అయ్యాకే చివరి చెల్లింపు. డబ్బు చేరాక సోర్సు అడిగితే జవాబు రావడం కష్టం.

7. తాళం వేసిన పరికరాలు, కలిపి కట్టిన లైబ్రరీలు

జీపీఎల్ 3 భాగాలు ఇంట్లో వాడే పరికరంలో ఉంటే సోర్సు ఒక్కటే చాలదు. మార్చిన వెర్షన్‌ను అదే పరికరంలో ఎక్కించి నడపడానికి కావలసిన పద్ధతి, తాళపు చెవులు (సంతకం చేసే కీలు) కూడా ఇవ్వాలి. సెక్యూర్ బూట్ మీ సంతకం లేని ఇమేజ్‌ను తిరస్కరిస్తుంటే యజమాని తన కీ పెట్టుకునే దారి చూపాలి. మార్చుకున్న పరికరానికి వారంటీ, అప్‌డేట్లు కొనసాగించాలన్న నిర్బంధం లేదు. మీతో సహా ఎవరూ మార్చలేని రోమ్ (రీడ్ ఓన్లీ మెమరీ)లో కోడ్ ఉంటే ఈ షరతు వర్తించదు. ఆ కీలు ఇవ్వడం కుదరదనుకునే తయారీదారులు బాష్ బదులు బిజీబాక్స్ షెల్ వాడి జీపీఎల్ 3ను ఇమేజ్‌లోకి రానివ్వరు. రెండో మెట్టులో వెర్షన్ తేడా రాసుకోమన్నది ఇందుకే.

ఎల్‌జీపీఎల్ లైబ్రరీని డైనమిక్‌గా (విడి ఫైల్‌గా ఉండి నడిచేటప్పుడు కలిసేలా) లింక్ చేస్తే పని సులువు. స్టాటిక్‌గా (ఒకే బైనరీగా) కలిపితే మీ ప్రోగ్రామ్ ఆబ్జెక్ట్ ఫైళ్లయినా (కంపైల్ అయి ఇంకా లింక్ కానివి) ఇవ్వాలి, లేకపోతే మార్చిన లైబ్రరీతో మళ్లీ లింక్ చేయడం కుదరదు. మీ వాడుక ఒప్పందాన్ని కూడా ఒకసారి చదవండి. ‘రివర్స్ ఇంజనీరింగ్ పూర్తిగా నిషిద్ధం’ అనే అలవాటు వాక్యం ఎల్‌జీపీఎల్ 2.1తో నేరుగా ఢీకొంటుంది. సొంత అవసరానికి చేసుకున్న మార్పులను డీబగ్ చేయడానికి రివర్స్ ఇంజనీరింగ్‌ను అనుమతించాలని అది కోరుతుంది.

8. అడిగినప్పుడు, తప్పు బయటపడినప్పుడు

ప్యాకెట్‌ను ఫర్మ్‌వేర్ వెర్షన్ పేరుతో, చెక్‌సమ్‌తో భద్రపరచండి. పాతదాని మీద కొత్తది రాయకండి. సోర్సు అభ్యర్థనలకు ఒక చిరునామా, ఒక బాధ్యుడు ఉండాలి. మామూలు సపోర్టు క్యూలో పడ్డ మెయిల్‌కు ‘పరికరాన్ని రీస్టార్ట్ చేసి చూడండి’ అనే జవాబు వెళ్లడం ఈ రంగంలో పాత జోకే గానీ, దాని పర్యవసానం జోకు కాదు.

జీపీఎల్ 2 నాలుగో సెక్షన్ ప్రకారం ఉల్లంఘిస్తే మీ హక్కులు వాటంతటవే రద్దవుతాయి. జీపీఎల్ 3 కొంత మెత్తన: ఉల్లంఘన ఆపాక 60 రోజుల్లోపు కాపీరైట్ హక్కుదారు నోటీసు ఇవ్వకపోతే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. ఆ హక్కుదారు నుంచి మొదటిసారి నోటీసు వచ్చి 30 రోజుల్లో సరిదిద్దుకున్నా అంతే. 2017లో చాలామంది లినక్స్ కెర్నల్ డెవలపర్లు తమ కోడ్‌కూ ఇదే గడువు ఇస్తామని ప్రకటించారు. హక్కుదారులు మాత్రమే కోర్టుకు వస్తారన్న ధీమా కూడా పాతబడింది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ 2021లో విజియో టీవీల కంపెనీ మీద కాలిఫోర్నియాలో వేసిన దావా, టీవీ కొన్న వినియోగదారు హోదాలో వేసినది.

అందుకే లోపం తెలిసిన రోజు వరస ఇది: ఆ బైనరీ పంపిణీ ఆపండి, సరైన ప్యాకెట్ కట్టండి, అడిగినవారికి పంపండి, తర్వాతే పంపిణీ మళ్లీ మొదలుపెట్టండి. ఇచ్చిన ప్యాకెట్ బిల్డ్ కావడం లేదని ఎవరైనా రాస్తే దాన్ని బగ్ రిపోర్టుగానే తీసుకోండి. సరిచేసిన ప్యాకెట్‌కు కొత్త సవరణ సంఖ్య ఇచ్చి, ఏ ఫైల్ చేరిందో ఒక వాక్యం రాసి, పాతదాని పక్కనే ఉంచండి.